ఒక తీగకు మనిషి పేరు పెట్టించడం: ముప్పై నెలల నా అనుభవం

2022 జులై 18న ఆ తీగను ఎండబెట్టి అతికించిన షీటు విప్పాం. 2025 జనవరి 23న పేరు అచ్చయింది. ఈ ముప్పై నెలల్లో మొక్కను చదవడానికి పట్టింది ఏడెనిమిది నెలలే. మిగతా కాలమంతా ఒక నంబరు, ఒక తేదీ, ఒక అక్షరం వెంట తిరగడానికే సరిపోయింది. నర్సరీల్లో, కొండల్లో జీవితం గడిపిన మనిషిని ఈ దారిలో గౌరవించాలనుకునేవాళ్లు ఎక్కడెక్కడ ఆగిపోతారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదట అనుకున్నది పతకం. ఉద్యానరంగంలో పేరున్న పతకాల నిబంధనలు తెచ్చుకుని చదివాం. బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 1897లో మొదలుపెట్టిన విక్టోరియా మెడల్ ఆఫ్ ఆనర్ ఏ సమయంలోనైనా 63 మంది దగ్గరే ఉంటుంది. రాణి ఏలిన 63 ఏళ్లకు అది గుర్తు. ఒకరు పోతేగాని ఇంకొకరికి చోటు లేదు. అమెరికాలో ఫ్రాంక్ మేయర్ పేరిట ఇచ్చే పతకం పుట్టుక వేరు. మొక్కల వేటలో 1918లో యాంగ్‌ట్సీ నదిలో ప్రాణం పోగొట్టుకున్న మేయర్, తోటి ఉద్యోగులకని వీలునామాలో వెయ్యి డాలర్లు రాసిపెట్టాడు. వాళ్లు ఆ డబ్బు పంచుకోకుండా పతకం చేయించారు. కథ బాగుంది, కానీ ఇలాంటి వాటన్నిటికీ నామినేషన్‌లో అడిగేది దాదాపు ఒకటే: ప్రచురణలు, విడుదల చేసిన రకాలు, పదవులు. మేం అనుకున్న పెద్దాయనకు వీటిలో ఒక్కటీ లేదు. ఆయనకున్నవి నలభై ఏళ్ల అంటుకట్టే చేయి, పదకొండు ఫీల్డు పుస్తకాలు, వాటిలో 2,300 పైచిలుకు సేకరణ నంబర్లు.

తోటరకానికి పేరు పెట్టడం ఇంకో దారి. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారి విస్లీ తోటలో పెరిగిన మాగ్నోలియా కోబస్ రకానికి వృక్షశాస్త్రజ్ఞురాలు జానకి అమ్మాళ్ పేరు అలా వచ్చిందే. తోటరకం పేరు 30 అక్షరాలు దాటకూడదు, 1959 నుంచి లాటిన్‌లో ఉండకూడదు, ఆ ప్రజాతికి ఉన్న అంతర్జాతీయ నమోదు సంస్థకు పంపాలి. పని తేలికే. అయితే ఆ రకం సాగులోంచి పోతే పేరు కాగితం మీదే మిగులుతుంది. ఈలోగా ఆయన షీట్లలోనే ఏ పుస్తకానికీ అందని తీగ ఒకటి కనిపించడంతో పతకం, తోటరకం రెండూ పక్కకు పోయాయి.

అది సెరోపీజియా. కుండీల్లో గుండె ఆకారపు ఆకులతో వేలాడే తీగను చాలామంది చూసే ఉంటారు, సెరోపీజియా వుడ్డీ. దక్షిణాఫ్రికాలో దాన్ని సేకరించిన జాన్ మెడ్లీ వుడ్ పేరే దానిది. ఈ ప్రజాతి పువ్వు అడుగున ఉబ్బిన బుడ్డి, పైన సన్నని గొట్టం, కొసన పంజరంలా కలిసిన రేకులు. చిన్న ఈగలు లోపలికి జారి, గొట్టంలో కిందికి వాలిన వెంట్రుకల వల్ల బయటికి రాలేక, పుప్పొడి అంటించుకున్నాకే విడుదలవుతాయి. జాతిని తేల్చేది ఆ బుడ్డి లోపల కిరీటంలా ఉండే భాగం, దాన్ని కరోనా అంటారు. ప్రెస్‌లో పెట్టి నొక్కితే మొదట నలిగిపోయేదీ అదే.

ఆయన షీటులో రెండు పువ్వులున్నాయి, రెండూ కాగితంలా అతుక్కుపోయినవే. ఎండిన పువ్వును గోరువెచ్చని నీళ్లలో సబ్బుచుక్క వేసి పది నిమిషాలు నానబెడితే విచ్చుకోవాలి. ఒకటి విచ్చుకుంది. సూదితో కోయబోతే బుడ్డి దగ్గర చిరిగింది. రెండోదాన్ని ముట్టుకోలేదు. ఇది అందరికీ చెప్పదగ్గ మాట: రేపు టైపు, అంటే కొత్త పేరుకు ఆధార నమూనా, కాబోయే షీటు మీది చివరి పువ్వును కోయవద్దు. తాజా పువ్వు దొరికే దాకా ఆగాల్సిందే.

ఆగడమంటే ఏడాది. 2022 ఆగస్టులో వెళితే వానలు ఆలస్యమై దుంపలు ఇంకా నిద్ర లేవలేదు. రెండోసారి 2023 ఆగస్టు 20న వెళ్లాం. అడవిశాఖ అనుమతి పత్రానికి రెండుసార్లూ విడిగా దరఖాస్తు పెట్టాలి. మొదటిసారి ఆరు వారాలు పట్టింది, రెండోసారి పదకొండు. పూత నెల నుంచి వెనక్కి లెక్కేసి కనీసం నాలుగు నెలల ముందే అర్జీ పెట్టుకోండి. పత్రం చేతికొచ్చేసరికి పువ్వు రాలిపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ రోజు చేసిన పని ఇదీ. ముందు ఫొటోలు, పక్కన స్కేలు, రంగుల పట్టీ పెట్టి, ఎందుకంటే ఆల్కహాలులో పడిన పువ్వు రెండు రోజుల్లో తెల్లబడుతుంది. ఆ తర్వాత ఐదు పువ్వులు సీసాలోకి: 70 శాతం ఇథనాల్, 29 శాతం నీళ్లు, ఒక శాతం గ్లిజరిన్. గ్లిజరిన్ ఎందుకంటే, మూత వదులై ఆల్కహాలు ఆవిరైపోయినా పువ్వు పెళుసెక్కకుండా అది కొంత కాపాడుతుంది. సీసా లోపల పెన్సిలుతో రాసిన చీటీ వేయాలి. బాల్‌పెన్ను రాత ఆల్కహాలులో కరిగిపోతుంది, బయట అంటించిన చీటీ ఊడిపోతుంది. డీఎన్‌ఏ కోసం లేతాకు ముక్కలు తేమ పీల్చే సిలికా జెల్‌లో. జెల్ ఆకు బరువుకు పదింతలన్నా ఉండాలి, ఆకు ఒక్క రోజులో కరకరలాడేలా ఎండాలి. మేం పొదుపు చేసి జెల్ తక్కువ పోశాం. ఆకు నాలుగు రోజులు మెత్తగానే ఉంది, మొదటి విడత డీఎన్‌ఏ ముక్కలైపోయి వచ్చింది. మొత్తం పనిలో ఎక్కువ డబ్బు మింగింది ఆ పరీక్షే. అది చెప్పింది కూడా ఈ తీగ ఏ గుంపుకు చెందినదో మాత్రమే, అది పువ్వు చూస్తేనే తెలుస్తోంది. దగ్గరి జాతితో తేడా తేల్చుకోలేని పరిస్థితి ఉంటే తప్ప దాని జోలికి పోనవసరం లేదని నా అభిప్రాయం.

దుంప తవ్వాలా వద్దా అన్న దగ్గర చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. దుంప ఆకారం వర్ణనలో ఉండాలి, కానీ అక్కడున్నవి కొన్నే మొక్కలు. చివరికి పక్క నుంచి మట్టి తీసి, కొలిచి, ఫొటో తీసి, మళ్లీ కప్పేశాం.

షీట్ల సంగతి త్వరగా చెప్తాను. న్యూస్‌పేపరు మధ్య పరచి, బ్లాటింగ్ కాగితాలు మొదటి మూడు రోజులు పూటపూటకీ మార్చాం. ఎండాక పురుగు పట్టకుండా మైనస్ 20 డిగ్రీల్లో వారం ఉంచాం. ఆపైన 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు అట్టకు కుట్టి, కుడివైపు కింది మూల లేబులు. ఇక్కడిదాకా పుస్తకంలో ఉన్నట్టే సాగింది.

సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పోలిక పని. దగ్గరి జాతుల టైపు షీట్ల స్కాన్లు జేస్టోర్ గ్లోబల్ ప్లాంట్స్‌లో, పాత వర్ణనలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో, రెండూ ఆన్‌లైన్‌లోనే, చాలావరకు దొరుకుతాయి. స్కాన్‌లో కరోనా కనపడదు. అలాంటి నాలుగు షీట్లకు ఆయా హెర్బేరియంలకు, అంటే ఎండిన మొక్కల షీట్లు దాచే భాండారాలకు, రాశాం. రెండింటి నుంచి వారంలో ఫొటోలు వచ్చాయి, ఒకటి రెండు నెలలకు, ఒకటి రానేలేదు. రానిదాని గురించి వ్యాసంలో దాచకుండా రాశాం, సమీక్షకులు దాన్ని తప్పుపట్టలేదు.

బొమ్మకు ఆరు వారాలు. గీసేవారికి పువ్వులు కనీసం మూడు కావాలి: ఒకటి చెక్కుచెదరకుండా, ఒకటి నిలువునా చీల్చి, ఒకటి పాడైతే వాడుకోవడానికి. కొలతను ఇన్ని రెట్లు అని రాయకుండా స్కేలు గీత గీయించండి. పత్రిక బొమ్మను కుదించినప్పుడు గీత కూడా దాంతోపాటే చిన్నదవుతుంది, రెట్ల లెక్క మాత్రం తప్పుతుంది.

ఇక పేరు. మనిషి పేరును లాటిన్ పేరుగా మార్చడానికి వృక్షనామ నియమావళి 60వ అధికరణంలో లెక్క ఉంది. పేరు హల్లుతో ముగిస్తే మగవారికి చివర రెండు ‘ఐ’లు (ii), కాబట్టి పాత వృక్షశాస్త్రజ్ఞుల్లో వైట్ వైటీ అయ్యాడు, రాక్స్‌బర్గ్ రాక్స్‌బర్గీ అయ్యాడు. అచ్చుతోనో, ఇంగ్లిషు ‘ఈఆర్’ (er) అక్షరాలతోనో ముగిస్తే ఒక్క ‘ఐ’ (i) చాలు: బెడ్డోమ్ ఇంగ్లిషు రాతలో చివర ‘ఈ’ (e) అక్షరం ఉంది గనక మన కొండల సైకాస్ బెడ్డోమీలో ఐ ఒకటే, హుకర్ కూడా అంతే. ఆడవారి పేరైతే చివర ‘ఏఈ’ (ae) వస్తుంది. అసలు చిక్కు ఇంగ్లిషు ‘ఏ’ (a) అక్షరంతో ముగిసే పేర్లది. వాటికి ఆడామగా తేడా లేకుండా ఒక్క ‘ఈ’ (e) చేరుస్తారు. కొలంబియా వృక్షశాస్త్రజ్ఞుడు ట్రియానా మగవాడే, ఆయన పేరున్న ఆర్కిడ్ మాత్రం కాట్లేయా ట్రియానే.

మన పేర్లు ఎన్ని ఆ అక్షరంతో ముగుస్తాయో చెప్పక్కర్లేదు. మా పెద్దాయన పేరు చివర అయ్య ఉంది. నియమం ప్రకారం మొక్క పేరు చివర ‘అయ్యే’ అవుతుంది. ఇంటిపేరు వాడదామా అంటే, ఆ ఇంటిపేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు లేరు. లేబుళ్ల మీద కూడా అది ఒక్క పొడి అక్షరమే. నియమావళి ఇంటిపేరే వాడాలని ఎక్కడా అనదు, మనిషిని గుర్తుపట్టే పేరైతే చాలు. ‘ఇది అయ్యే పేరేనా’ అని మాలో మేమే నవ్వుకున్నాం. ఆయనకు చూపిస్తే, “ఏమండీ, నన్ను ఆడమనిషిని చేశారా?” అన్నారు. ట్రియానా సంగతి చెప్పాక ఊరుకున్నారు గానీ, పూర్తిగా నమ్మినట్టు లేరు.

అదే పేరు ఆ ప్రజాతిలో ముందే ఉందేమో, మొక్కల పేర్ల అంతర్జాతీయ సూచిక అయిన ఐపీఎన్‌ఐ జాబితాలో చూడాలి. ఉంటే తర్వాత వచ్చిన పేరు చెల్లదు. అక్షరం అటూ ఇటూగా పొరబడేంత దగ్గరగా ఉన్నా కష్టమే. సెరోపీజియాతో పనిచేసేవాళ్లు ఇక్కడ ఒక ఉచ్చు గమనించాలి: 2017లో బ్రాకిస్టెల్మా ప్రజాతిని ఇందులో కలిపారు. అప్పుడు పేర్లు ఢీకొని కొన్ని జాతులకు కొత్త పేర్లు పెట్టాల్సివచ్చింది. ఆ విలీనాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా రెండు ప్రజాతుల్లోనూ వెతకండి. మాకు ఢీకొనలేదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరు. మొక్కను మొదట పట్టింది ఆయనే, ఆయన్ని వ్యాసకర్తగా చేర్చకపోవడం అన్యాయం. చేర్చితే ఆయన పేరును ఆయనే పెట్టుకున్నట్టవుతుంది. నియమావళిలో నిషేధం లేదు గానీ నలుగురూ నవ్వుతారు. రెండు వారాలు ఇదే చర్చ. తోవ నియమావళిలోనే ఉంది: వ్యాసానికి ఎంతమంది కర్తలున్నా, మొక్క పేరును వాళ్లలో కొందరు పెట్టినట్టుగానే ఆపాదించవచ్చు. మొక్క పేరు పక్కన మా ఇద్దరి పేర్లే రాశాం. వ్యాసం మీద మూడోపేరు ఆయనది. ఈ వెసులుబాటు చాలామందికి తెలియక, గౌరవించబోయి మనిషిని వ్యాసంలోంచి తీసేస్తారు.

2024 మార్చి 4న పత్రికకు పంపాం. అందరూ ఉచితంగా చదివే ఓపెన్ యాక్సెస్ అడగకపోతే రుసుము లేని పత్రికను ఎంచుకున్నాం. తొమ్మిదో రోజున తిరిగొచ్చింది: హోలోటైపుకు, అంటే పేరుకు ఆధారంగా ఎంచుకున్న ఒకే ఒక్క నమూనాకు, హెర్బేరియం ఇచ్చే ప్రవేశసంఖ్య లేదు. షీటు హెర్బేరియంలోనే ఉంది, నంబరు మాత్రం వేయలేదు. అది వేయించడానికి ఏడు వారాలు పట్టింది. వ్యాసం రాయడం మొదలుపెట్టిన రోజే షీట్లు అప్పగించి ఉంటే ఈ ఏడు వారాలూ మిగిలేవి. ఏప్రిల్ 30న మళ్లీ పంపాం.

సమీక్షలు జులై 27న వచ్చాయి, అంటే దాదాపు మూడు నెలలు. మొదటివారు కామాలు దిద్దారు. రెండోవారి మొదటి వాక్యం చదవగానే కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి: మీ హోలోటైపు ఒక సేకరణ కాదు, రెండు.

జరిగింది ఇదీ. ఆయన 2018 ఆగస్టు 26న పూతతో ఒక కొమ్మ తీశారు. నవంబరులో అదే మొక్క దగ్గరికి వెళ్లి కాయలున్న కొమ్మ తీసి, అదే మొక్క కదా అని అదే నంబరు వేశారు. తోటమాలి లెక్కలో అది సబబే, చెట్టుకొక నంబరు. వృక్షశాస్త్రం లెక్కలో సేకరణ అంటే ఒకే చోట, ఒకే సమయంలో తీసింది. తేదీ మారితే సేకరణ మారినట్టే. మేం పువ్వు షీటునూ కాయ షీటునూ ఒకే నంబరు కింద ఒకే హోలోటైపుగా రాసేశాం. అలా అచ్చయి ఉంటే పేరు చెల్లుబాటయ్యేది కాదు. ఎవరో మళ్లీ వేరే వ్యాసంలో సరిగా ప్రచురించేదాకా ఆ పేరు లెక్కలో లేనట్టే.

కాయ షీటు లేబులు మీద ‘నవంబరు’ అని ఉంది, రోజు లేదు. ఆయన ఏడో ఫీల్డు పుస్తకం తెప్పించాం. ఆగస్టు 26 పేజీలో ఆ నంబరు కింద పువ్వు వివరాలు నీలి సిరాతో ఉన్నాయి: గొట్టం లేతాకుపచ్చ, లోపల ఊదా మచ్చలు, పుల్లటి కంపు, తుంచితే నీళ్లలాంటి రసం. అంచున నిలువుగా, నల్ల సిరాతో తర్వాత ఇరికించిన ముక్క: ‘11-11 కాయ, జంట, వేలెడు’. దాంతో రోజు దొరికింది. ఆ కంపు, ఆ రసం ఎండిన షీటు మీద ఎవరికీ దొరకవు. మా వర్ణనలో వాసన గురించిన ఒక్క పదం ఆ పేజీలోంచి వచ్చిందే.

దిద్దుబాటు ఇలా చేశాం. పువ్వు షీటు ఒక్కటే హోలోటైపు, తేదీతో సహా. అదే రోజు తీసిన రెండో ముక్క ఐసోటైపు. నవంబరుది పారాటైపు, అంటే వ్యాసంలో పేర్కొన్న అదనపు నమూనా. నంబరు మాత్రం మార్చలేదు. సేకరించినవారు వేసిన నంబరును దిద్దే హక్కు ఎవరికీ లేదు, పక్కన చీటీ అంటించి వివరం రాయాలి అంతే. తెలిసో తెలియకో పాత లేబుళ్ల మీద గీతలు కొట్టేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

సంరక్షణ హోదా మీద ఇంకో తగువు. మేం లెక్కపెట్టినవి రెండు చోట్ల కలిపి 41 పూసిన మొక్కలు. ఎదిగిన మొక్కలు 50కి తక్కువైతే, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రమాణం డి కింద అతి ప్రమాదస్థితి అని రాశాం. పక్క వాలులు వెతక్కుండా ఆ మాట ఎలా అంటారన్నారు సమీక్షకులు. వెతకలేదన్నది నిజం. ‘సమాచారం చాలదు’ అని మార్చాం. మనసొప్పలేదు, కానీ వాదించడానికి చేతిలో ఏమీ లేదు. అక్షాంశ రేఖాంశాలు వ్యాసంలో ఇవ్వకపోవడాన్ని మాత్రం ఇద్దరూ సమర్థించారు. కుండీలో అందంగా ఉండే దుంపతీగ చిరునామా అచ్చేస్తే, తర్వాతి వానకాలానికి అక్కడ గుంటలు మిగులుతాయి.

సెప్టెంబరు 2న పంపాం, నవంబరు 12న ఆమోదం. పేరు వెనక కారణం చెప్పే పేరాను ఎడిటరు నూట ఇరవై మాటల నుంచి ముప్పైకి కుదించారు. నలభై ఏళ్లు ముప్పై మాటల్లోకి వచ్చేశాయి. మిగిలినవి ఏమిటంటే ఆయన పేరు, పుస్తకాల సంఖ్య, ఈ మొక్కను మొదట తీసిన తేదీ. ముందు బాధనిపించింది. ఇప్పుడు చూస్తే ఉండాల్సినవి అవే.

జనవరి 14న ప్రూఫు వచ్చింది, 48 గంటలు గడువు. శీర్షికలో పేరు సరిగానే ఉంది. లోపల మూడు చోట్ల చివరి ‘ఈ’ తీసేసి ‘ఐ’ పెట్టారు. మగవారు కదా అని ఎవరో సదుద్దేశంతో దిద్దారు. 60వ అధికరణం, ట్రియానా ఉదాహరణ రాసి పంపాం. ఇలాంటి తప్పు కొస అచ్చయినా పేరు చెల్లకుండా పోదు, తర్వాతివాళ్లు దిద్దుకోవచ్చు. కానీ ఈలోపు తప్పు రూపం జాబితాల్లోకి పాకుతుంది. ప్రూఫులో పేరును శీర్షిక, ఉపశీర్షిక, గుర్తింపు పట్టిక, బొమ్మల కింది రాత, పేరు వివరణ అన్ని చోట్లా అక్షరం అక్షరం చూడండి. కొత్త జాతి అన్న మాట, హోలోటైపు అన్న మాట, అది ఉన్న హెర్బేరియం కోడు ఉన్నాయో లేదో చూడండి. టైపు, అది ఉన్న చోటు రాయకపోతే పేరు నిలవదు. 2012 నుంచి వర్ణన లాటిన్‌లోనే ఉండనక్కర్లేదు, ఇంగ్లిషు చాలు. పత్రికలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్ ఉన్న పత్రిక పీడీఎఫ్‌గా వెలువరించినా ప్రచురణే.

జనవరి 23న వెలువడింది. మూడు వారాలకు ఐపీఎన్‌ఐలో కనిపించింది, చివరి ‘ఈ’తో సహా. హెర్బేరియంలో హోలోటైపును ఎర్ర అంచు ఫోల్డరులోకి మార్చారు. ఆయన్ని తీసుకెళ్లి చూపించాం. షీటు మీద తన చేతిరాత లేబులు చదువుకుని, కాయ షీటు ఏదని అడిగారు. అది ఇంకా మామూలు ఫోల్డరులోనే ఉంది. అక్కడి పద్ధతిలో పారాటైపులకు ఎర్ర అంచు లేదట. “రెండూ ఒక తీగవే కదండీ” అన్నారు.

ఈ ఏడాది అక్టోబరు చివర్లో కాయలు పగలకముందే వాటికి సన్నని వల సంచులు కట్టొచ్చాం. గింజకు దూదికుచ్చు ఉంటుంది, కాయ చీలిన రోజే గాలికి పోతుంది. నవంబరులో విప్పితే 38 గింజలు. సగం విత్తన నిధికి, సగం ఆయన నర్సరీ ట్రేలకు వెళ్లాయి. సంచి మీద వేయడానికి నంబరు అడిగితే పన్నెండో పుస్తకం తీసి కొత్తది వేశారు. పక్కన రోజు, నెల, ఏడాది మూడూ రాశారు.